మూడో పట్టిక, ఆరో వరుస

పంపేశాం.
రాత్రి పదకొండూ యాభై రెండుకి,
గడువుకింకా ఎనిమిది నిమిషాలుండగా.
వేళచ్చేరి మేడ మీద, దోమల మధ్య
నేనూ కింది వాటా ముగిలనూ
చేతులు చరుచుకున్నాం.

పన్నెండుంపావుకి కనిపించింది.
ఆరో సీసాలో ఆక్సిజన్ రెండు పాయింట్ ఆరు.
పట్టికలో ఆరు పాయింట్ రెండు.
నోట్‌బుక్‌లో నా రాతే.
గంజి నీలం చటుక్కున మాయమైన ఆ చుక్క దగ్గర
నేనే కదా చదివింది!

తెల్లారగట్ల పళ్ళికరణై బురదలో
మోకాళ్ళ దాకా దిగి ముంచిన సీసా అది.
చెత్తగుట్ట పొగ ఇటు తిరిగితే
ముగిలన్ చొక్కా ముక్కుకి కట్టుకున్నాడు.
అంత కంపులో దొరికిన నిజాన్ని
ఫ్యాను కింద కూచుని తారుమారు చేశాను.

"విడు, మేదినీ. ఎవరు చూస్తారు?"

నిజమే.
మా కాగితంలో చేపలు హాయిగా ఊపిరి తీసుకుంటున్నాయి.
రెండంకెలు చోటు మార్చుకున్నాయంతే,
చిత్తడి మొత్తం కోలుకుంది.
అక్కడ మాత్రం ఈపాటికి
నల్లనీళ్ళ మీదికొచ్చి
నోళ్ళు తెరుస్తూ ఉంటాయి.

ఉత్తరం మొదలెట్టాను.
పొరపాటు అని రాసి, కొట్టేసి,
తప్పు అని రాశాను.
భుజం మీంచి చూసి ముగిలన్
"ఈ మాట మాకూ ఉంది" అన్నాడు.
"అర్థం?"
"అదే."

కింద అమ్మ దగ్గింది, ఇంకా పడుకోలేదా అన్నట్టు.
పంపే మీట మీద వేలు ఉంచి
ఆరో వరుస మళ్ళీ చదివాను.
ఏడోదీ.
ఎనిమిదోదీ.