మూడు కాళ్ళ కుందేళ్ళు

త్బిలిసీలో సొలొలాకి ఎత్తు మీద
చెప్పులు కుట్టే బద్రీ కొట్టు పక్కన
తొమ్మిది మెట్లు దిగితే నేలకింద గది. నాదే.
టైపు, ప్రింటు, స్కాను.
పేజీకి ముప్ఫై తెత్రీ.
బల్ల మీద మూడు కంప్యూటర్లు,
ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు.

మొదటిది విండోస్.
వీధిలో అందరినీ పలకరించే మనిషి లాంటిది.
ఏ ప్రింటరు తగిలించినా "నువ్వా, రా కూర్చో" అంటుంది.
అంతా బాగుందనుకునేలోపు
థీసిస్ గడువు రోజున, మధ్యాహ్నం మూడింటికి
నీలం తెర దించేసుకుంటుంది:
అప్‌డేట్ అవుతోంది, ఆపకండి.
ముప్ఫై శాతం దగ్గర
నెస్తాన్ అనే పిల్ల నా కుర్చీలో ఏడ్చింది.
ముప్ఫై ఒకటి దగ్గర టీ పెట్టాను.
తొంభై తొమ్మిది దగ్గర
ఇద్దరం చాలాసేపు ఉన్నాం.

రెండోది మాక్.
సినిమాలు కత్తిరించే గురామ్
ఏడాది ప్రింట్ల బాకీ కింద వదిలిపోయాడు.
అందం గురించి చెప్పక్కర్లేదు,
దాని తెర మీద అక్షరం పడితే
వేలితో తడమాలనిపిస్తుంది.
కానీ దాని వైరు దానికే పట్టాలి,
దాని మర దాని స్క్రూడ్రైవరుకే లొంగాలి.
కిటికీ మూసే గుండీ ఎడమ పక్కన.
పద్దెనిమిదేళ్ళు కుడికి అలవాటైన నా చెయ్యి
ఇప్పటికీ ఖాళీ మూలకు పోయి
తలొంచుకుని వెనక్కి వస్తుంది.
నా వస్తువే, నా గదిలోనే, చుట్టంలా ఉంటుంది.
మర్యాదలు నేను చేస్తాను.

మూడోది ఎవరో పారేసిన డబ్బా.
తోర్నికే అనే కుర్రాడు
బొటనవేలంత స్టిక్కు పట్టుకొచ్చి లినక్స్ ఎక్కించి
డబ్బులొద్దన్నాడు.
అప్పుడే అనుమానించాల్సింది.
స్కానరును ఒప్పించడానికి మూడు రాత్రులు పట్టింది.
వాడు రాసిచ్చిన ఆజ్ఞలు అట్టముక్క మీద గోడకున్నాయి;
ఒక్క చుక్క తప్పితే ఆ గోడతో మాట్లాడినట్టే.
అయినా కాదనే గుణం లేదు దానికి.
తప్పు చేస్తానన్నా చేయనిస్తుంది.
చేశాను. ఏప్రిల్ లెక్కలన్నీ పోయాయి.
ఎందుకని కూడా అడగలేదు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు,
మూడింటికీ అదే పట్టు.
నాలుగో కాలు నేను.

అక్టోబరులో కఖేతీ నుంచి అన్జోర్ వచ్చాడు,
బూట్ల నిండా బురద, గుడ్డలో చుట్టిన పాత హార్డ్‌డిస్కు.
ద్రాక్షతోట హద్దులు ఇందులో ఉన్నాయమ్మా,
బాబాయి కొడుకు మీద కేసు వేయాలి.

విండోస్: "ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?"
ఇంటికి దారి అడిగితే
కూల్చేయనా అన్నట్టు.
మాక్: "చదవడం వీలుకాదు."
ఎంత చక్కటి అక్షరాల్లో!
లినక్స్ గొణిగింది, నల్లతెర మీద నాలుగు వరసలు కక్కింది,
తెరిచింది.

తెరిస్తే ఏముంది,
ఆ కాలపు ఫాంటు ఇప్పుడెక్కడిది?
మా జార్జియన్ మాటలన్నీ
లాటిన్ చొక్కాలు తొడుక్కుని నిలబడ్డాయి.
ఫాంటు వెతుకుతానన్నాడు తోర్నికే.
ఆ ఫైలు రాసినప్పటికి వాడు పుట్టలేదు.

అక్కర్లేదన్నాను.
ఆ రోజుల్లో నేను కొట్టిన పేజీలు ఎన్ని వేలో!
పెద్ద టీ వేరు, చిన్న టీ వేరు,
పెద్ద సీ కనిపిస్తే అది చ.
కళ్ళు తెర మీద పెట్టాను గానీ
చదివింది వేళ్ళు:

"అక్రోటు చెట్టు నుంచి తెల్లరాయి దాకా
పద్నాలుగు అడుగులు.
అవతలిదంతా తమ్ముడిది."

అన్జోర్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
మళ్ళీ చదవమన్నాడు. చదివాను,
ఒక్క అడుగు కూడా కలవలేదు.

లినక్స్‌లో చదివింది విండోస్‌లోకి ఎక్కించి ప్రింటు తీశాను.
ప్రింటరు దాని మాటే వింటుంది మరి.
కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని
ఏడో మెట్టు దాకా ఎక్కి
అక్కడ నిలబడి వెనక్కి వంగాడు.

"ఆ తెల్లగా అందంగా ఉందే, దాంట్లో
ఇంకోసారి పెట్టి చూడకూడదూ?
అది వేరేలా చెబుతుందేమో."