వెనక నుంచి ఒక్కరికి

ఉదయం ఏడింటికి బిష్కెక్‌లో
పదమూడు సీట్ల మర్ష్రుత్కా వ్యానులో ముప్పైమందిమి.
వంగిన మెడలు, తడిసిన ఉన్నికోట్ల వాసన.
ఏ మోచెయ్యి ఎవరిదో తెలీదు,
డ్రైవరు వీపు మాత్రం అందరికీ తెలుసు.

"వెనక నుంచి ఒక్కరికి" అంటారెవరో.
నోటొకటి బయల్దేరుతుంది
మాంసం కొట్టే చేతిలోంచి చంటిపిల్ల తల్లికి,
ఆమె నుంచి, వేళ్ళు తెగిన గ్లవ్సు ముసలాయనకి,
ఆయన నుంచి నాకు,
నా నుంచి ముందుకి.
యాభై వెళ్తే నలభై తిరిగొస్తుంది
అదే దారిన, అన్ని చేతులూ మారి,
ఒక్క సోమూ తరగకుండా.
ఎవరూ లెక్క చూసుకోరు.
చూసుకుంటే సిగ్గు, చూసుకున్నవాళ్ళకే.

సామాజిక విశ్వాసం గురించి
గుల్‌బారా మేడమ్ రెండు గంటలు చెప్పారు.
బోర్డునిండా బాణాలు, శాతాలు.
పరీక్షకి తప్పకుండా వస్తుందన్నారు.
నా పరీక్ష అప్పటికే అయిపోయిందని
చెయ్యెత్తి ఎలా చెప్పను?

ఫిబ్రవరి. స్టైపెండు రాలేదు.
నారిన్‌లో అమ్మకి ఫోన్‌లో, "బాగా తింటున్నా."
గదిలో బెర్మెట్‌కి, "ఇప్పుడే తినొచ్చా."
రెండు రోజులు ఉత్త టీనీళ్ళు.
(బెర్మెట్ కూడా నాకు అదే అబద్ధం చెప్పిందని
మార్చిలో తెలిసింది.
ఒకే గదిలో రెండు ఖాళీ కడుపులు
ఎంత మర్యాదగా పలకరించుకున్నాయో!)

ఆ ఉదయం "వెనక నుంచి ఇద్దరికి" అన్నారు.
రెండు పదులు నా చేతికొచ్చాయి.
ముందుకి ఒకటే వెళ్ళింది.
నా గుప్పిట ఎలా మూసుకుందో నాకు తెలీదు.
అబద్ధం. తెలుసు.
మలుపు దగ్గర రొట్టెల పొయ్యి, వేడి రొట్టె, పది సోములు.

"ఇద్దరన్నారు, పదే ఉంది!"
అద్దంలోకి చూస్తూ అరిచాడు డ్రైవరు.
తేలు కుట్టిన దొంగని,
నోరెత్తలేదు.
వెనక ఎవరో దగ్గారు.
ఇంకో పది బయల్దేరింది.
చేతులు మారి, మారి
నా చేతికే వచ్చింది.
ఇన్ని చేతులుండగా
మళ్ళీ నా చేతికే.

ఈసారి పంపాను.

కానీ పంపేముందు చూశాను,
నోటు మూల మసి అంటిన బొటనవేలి ముద్ర.
మా హాస్టల్లో అలాంటి వేలు ఒక్కరికే ఉంది:
నేలమాళిగలో బాయిలర్‌కి బొగ్గు తోసే ఇషెన్‌బాయ్ తాత.
గొట్టాలు చల్లబడితే తప్ప
ఆయనున్నట్టు ఎవరికీ గుర్తురాదు.
మైనస్ ఇరవై రాత్రుల్లో
నాలుగు వందలమంది నిద్రని
పారతో ఎత్తిపోసే మనిషి.

స్టైపెండొచ్చిన రోజు పది సోములు పట్టుకుని
మెట్లు దిగాను. అంతా చెప్పేశాను.
ఆయన పార ఆపలేదు.
"నేను వ్యానెక్కను పిల్లా, నడిచే వస్తాను.
చలికాలం ఈ ఊళ్ళో మసి అంటని వేలెవరిది?"
బూడిదలోంచి ఒక బంగాళదుంప తీసి
నా చేతిలో పెట్టాడు. చెయ్యి కాలింది.
నిజం చెప్పాడో, తప్పించుకున్నాడో
ఇప్పటికీ తేల్చుకోలేను.
మా భాషలో ఇషెన్ అంటే, నమ్ము.

ఆ పది ఇంకా నా దగ్గరే ఉంది,
నోట్సు పుస్తకంలో, బాణాలూ శాతాలూ ఉన్న పేజీలో.

నిన్న వ్యానులో
మళ్ళీ ఒకటి తక్కువొచ్చింది.
నా ముందు సీట్లో ఒక కుర్రాడు,
పన్నెండేళ్ళుంటాయేమో,
చెవులు ఎర్రగా, కిటికీ మీది మంచుని
గోటితో గీకుతున్నాడు, శ్రద్ధగా,
ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు.

నేను పుస్తకం తెరిచాను.

నాకు జలుబు లేదు.
అయినా దగ్గాను.