కాటా మీద బొటనవేలు

శనివారం రాత్రి పదకొండు.
యార్డు నుంచి తెచ్చుకున్న దగ్గు ఇంకా గొంతులోనే ఉంది.
బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగు, మేడ మీద గది.
గళ్ల నోటుబుక్కు తెరిచి
రేపటి కోసం ఒక గుహ తవ్వుతున్నాను.

మా పేటే ఒక గళ్ల కాగితం.
ఇటు లైను, అటు అడ్డరోడ్డు,
ఎవడు ఏ గడిలో నిలబడ్డాడో రెండంకెల్లో చెప్పేయొచ్చు.
గుహ మాత్రం వంకర్లు పోవాలి.
తిన్నగా ఉన్న చోట ఎవరూ భయపడరు.

వచ్చేది నలుగురు.
లేత్ మిషను మీద బతికే బాజీకి ఆటలో గండ్రగొడ్డలి.
లెక్కల ట్యూషన్లు చెప్పే ప్రభుదాసు, ఇక్కడ దొంగ.
హిమజ చేతిలో నిప్పు మంత్రాలు, అవీ మూడే.
ఎస్తేరు పెద్దాసుపత్రిలో నర్సు, ఇక్కడా గాయాలు కట్టడమే.
ఆదివారమన్నా ఎవర్నైనా నరకొచ్చుగా అంటే
"చేతికి అలవాటైన పని" అంటుంది.

మొదట్లో నాకు లెక్క తెలీదు.
పెద్దదాన్ని ఒకదాన్ని పెడితే చాలనుకున్నాను:
ఏనుగంత ఉడుము, ఒళ్లంతా రాతిపొలుసులు, నూటపాతిక ప్రాణం.
అది ఒక్కసారి నోరు తెరిచేలోగా
వీళ్లవి నాలుగు దెబ్బలు.
రెండో చుట్టుకే పడుకుంది పాపం,
బజ్జీలు ఇంకా చల్లారనే లేదు.
తర్వాతి వారం పన్నెండుమంది మరుగుజ్జుల్ని దింపాను.
ఒక్కొక్కడిది ఏడు ప్రాణం,
గాలికి ఎగిరిపోయే తాలుకాయలు.
వాళ్లు చుట్టూ మూగి బాజీని నేలకేసి తొక్కారు.
బాజీ వారంపాటు నాతో మాట్లాడలేదు.
అప్పుడు తెలిసింది
తూచాల్సింది బరువు కాదు, వంతులని.
ఎవరికి ఎన్నిసార్లు చెయ్యెత్తే వీలుందో, అది.

అందుకని ఈసారి
ఎముకల కావలివాళ్లు అయిదుగురు,
వెనకాల గంట కొట్టే ముసలి రక్కసి.
గంట మోగితే పడిన ఎముక లేస్తుంది.
తాడు తెగితే లేవదు.
తాడు దాకా పోవడానికి ఒక ఇరుకు సందు,
ప్రభుదాసు ఒళ్లు పట్టేంత.
గెలవడానికి దారి ఉండాలి, ముందే కనపడకూడదు.
చింతగింజలు అయిదు అరగదీసి తెల్లగా చేశాను.
రక్కసికి క్యారమ్స్ ఎర్రబిళ్ల.

ఆదివారం నాలుగింటికి ఎస్తేరు ఫోను:
"డబుల్ డ్యూటీ వేశారు. నా మనిషిని పక్కన కూర్చోపెట్టండి, చంపకండి."

మూడో చుట్టుకి హిమజ మంత్రాలు అయిపోయాయి.
బాజీకి మిగిలింది నాలుగు ప్రాణం.
దొంగ సందులో ఇరుక్కున్నాడు, పాచిక మీద రెండు.
ఖాళీ కుర్చీ వైపు ఎవరూ చూడటం లేదు.
పెళ్లికార్డుల అట్టతో కట్టుకున్న నా తెర వెనక
రక్కసి నలభై అయిదు మీద గీత పెట్టి
ముప్ఫై అని రాశాను.
పెన్సిలు చప్పుడు నాకే వినిపించింది.

పన్నెండేళ్లుగా కాటా దగ్గర చీటీలు రాస్తున్నాను.
టిక్కీకి మోకాలు ఆనించేవాళ్లను చూశాను,
అంచున బొటనవేలు పెట్టి ఆకాశం చూసేవాళ్లను చూశాను.
అరకేజీ కూడా నా చేతుల మీదుగా పోలేదు.
రైతు ముందు కళ్లు దించుకునే పని చెయ్యలేదు.
ఇక్కడ చేశాను.
చెయ్యి వణకలేదు కూడా.

గొడ్డలి పడింది. గంట ఆగింది.
వీళ్ల అరుపుకి కింద ఇంటివాళ్ల టీవీ నోరు మూసుకుంది.

అందరూ వెళ్లాక, చెప్పులు వేసుకుంటూ బాజీ ఆగాడు.
"నిజంగా ఎంత ఉండింది దానికి?"
ముప్ఫై, అన్నాను.
వెంట్రుకవాసి తేడాని వేలితో పట్టే మనిషి,
నా వేళ్ల మీది పెన్సిలు మసి చూసి
"సరిగ్గా సరిపోయిందే" అని మెట్లు దిగాడు.

కొట్టేసిన నలభై అయిదు ఇంకా కనపడుతోంది.
వచ్చే వారం ఎస్తేరు వస్తుంది.
గంటకి రెండో తాడు ఉందని
ఇప్పుడే రాస్తున్నాను,
ఇంకుతో.