మొదటి చుట్టు

మత్రాలో ఆగస్టు. నల్లకొండలు రాత్రికి కూడా చల్లారవు.
భోజనాల బల్ల మీద పాత టవలు పరిచి
ఖల్ఫాన్ బాబా డబ్బా విప్పాడు.
అరచేతంత పచ్చ పలక, బోలెడు చిన్న పొట్లాలు.
"రేడియో" అన్నాడు.
నా కంటికి మసాలా దినుసులు.

ఐసు ట్రే తెమ్మన్నాడు. గుంటకో రకం పోశాం.
చారల రంగుల్ని బట్టి విలువట.
రంగులు నాకు చెప్పక్కర్లేదు,
పాలకొల్లు కొట్లో పదేళ్లు దారపుండలు ఏరినదాన్ని.

ఒకప్పుడు రేవులో తంతి కొట్టిన చేతులు ఆయనవి.
ఇప్పుడు ఫింజాన్ పట్టుకుంటే
సగం కావా చొక్కానే తాగుతుంది.
అందుకే పట్టకారు నాకిచ్చాడు.
సీసం కరిగి కాలు చుట్టూ మెరుస్తూ కూర్చోవాలి,
ముద్దగా నిలబడిందా, పైపైనే అతికినట్టు.
"పొగకి ముక్కు దూరం" అంటాడు అరబ్బీలో.
ఊపిరి బిగబట్టవే అనుకుంటాను తెలుగులో.

ఆ తర్వాత ఉంగరాలు.
చిటికెన వేలి గోరంత ఎర్ర ఉంగరం, వెంట్రుకంత రాగితీగ,
లోపల్నించి పదహారుసార్లు దూర్చాలి.
ఆయన మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ తీగ తుంచుకున్నాడు.
"సువార్తా, నీ లేసు చేతులు ఇటు తే."

అల్లి ఇచ్చాను. తీగ చివర పూత గీకి, అతికించి
మీటరు పెడితే
ముల్లు కాస్త లేచి బద్ధకంగా ఆగిపోయింది.
ఒక వాటు. కాగితంలో మూడని ఉంది.
ట్రాన్సిస్టరు తిరగబడిందా, కెపాసిటరు చచ్చిందా,
రెండు రాత్రులు వెతికాడు.
మూడోరాత్రి భూతద్దం కింద ఉంగరం పెట్టి
పైకి లెక్కపెట్టాడు: వాహెద్, ఇత్నేన్, తలాతా...
పదిహేడు.
నేను పదహారే వేశాను బాబా!
ప్రతి ఉంగరానికీ ఒకటి ఎక్కువే.

అప్పుడు తట్టింది.
లేసులో కొక్కెం మీది మొదటి ముడి లెక్కలోకి రాదు.
మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే.
ఇక్కడ తీగ ఒక్కసారి లోపలికి దూరితే చాలు,
ఒకటి.

విప్పి సరిచేశాం. ట్రిమ్మరుకి ఇనుము పనికిరాదంటే
ప్లాస్టిక్ చెంచా కాడ చెక్కిచ్చాను.
చెయ్యి దగ్గరికెళ్తే కూత మారిపోతుంది,
వెనక్కి తీస్తే సర్దుకుంటుంది.
ఈ ఇంటికొచ్చిన కొత్తలో నేనూ అంతే.

ఏరియల్ తగిలించే ముందు
లావుపాటి రెసిస్టరు ఒకటి కట్టాలట.
పంపిందంతా అక్కడే ఆగి వేడైపోతుంది, గోడ దాటదు.
"లైసెన్సు నాది, గాలిలోకి నేనే పంపాలి.
ఇంతవరకూ అయితే నువ్వు కొట్టొచ్చు."
నా పేరు రాసిచ్చాడు.
మూడు చుక్కలు.
రెండు చుక్కలు, గీత.
మూడు చుక్కలు, గీత.
తక్కినది కాగితం చూసి, తడబడుతూ.
"అర్థమేంటి?"
"మంచి కబురు."
"అయితే ఆపకు."
తొమ్మిదిసార్లు కొట్టాను. రెసిస్టరు
గుడ్డలో చుట్టిన రొట్టెలా వెచ్చగా ఉంది.

శుక్రవారం మిద్దె మీద నీళ్లట్యాంకు నుంచి తీగ లాగాం.
ఫ్రిజ్ బల్బుకి కూడా చాలని కరెంటుతో
బాబా గంటసేపు పిలిచాడు. కిందనుంచి మామా
ఖర్జూరాల పళ్లెం ఎక్కడ పెట్టావని నన్ను పిలుస్తోంది.
అప్పుడు, సన్నగా, ఎవరో.
బల్గేరియా. పేరు పెటర్. అక్కడ వానట.
రెండు నిమిషాలు, అంతే.
బాబా తన ఇయర్‌ఫోను తీసి నా చెవిలో పెట్టేసరికి
ఆ మనిషి వెళ్లిపోయాడు. హోరు మాత్రం ఉంది.
కళ్లు మూసుకుని అదే విన్నాను.
పళ్లెం ఫ్రిజ్ పైన ఉందని
తర్వాత చెప్పాను.

ఆ రాత్రి లేసు పట్టుకుని
ఏ ధ్యాసలో ఉన్నానో, మొదటి ముడిని కూడా లెక్కేశాను.
పువ్వుకి ఒక రేకు తక్కువొచ్చింది.
విప్పలేదు.