లక్ష్మీవారం రాత్రి నీళ్లు

దాళ్వా, మాఘమాసం.
మా పిల్లకాలవకి తల దగ్గర నీళ్లు, తోక దగ్గర తగువులు.
గుల్లలదిబ్బ ఆ తోక.
మా తర్వాత ఉప్పుటేరే.

లక్ష్మీవారం పైవాళ్ల వంతు, శుక్రవారం మాది.
లస్కరు ఏసుపాదం గారి పుస్తకంలో ఇంతవరకే రాసుంది.
శుక్రవారం ఎప్పుడు మొదలవుతుందో
ఎవరూ రాయలేదు.

ఆఫీసు గడియారంలో పన్నెండు కొడితే తేదీ మారుతుంది.
ఊళ్లో పొద్దు పొడిస్తేగాని వారం మారదు.
ఆ మధ్యన పారే ఆరు గంటల పైచిలుకు నీళ్లు
ఎవరివండీ?

"పొద్దు పొడవకుండా శుక్రవారమేంటి?
మీ ఇంట్లో తలంట్లు అర్ధరాత్రి పోసుకుంటారా?"
అన్నారు పైచేలవైపు నుంచి సత్తిరాజు గారు.
"శిస్తు కట్టేటప్పుడు తేదీ చూశారా, పొద్దు చూశారా?"
మా అత్త నాగరత్తం, తూము గోడ మీంచి.
పార భుజాన, చీర మోకాళ్లదాకా.

తగువు తీర్చమంటే భాస్కరం మేష్టారు
సుద్దముక్కతో షట్టరు మీద ఏడు పేర్లు రాశారు:
శని గురుడు కుజుడు రవి శుక్రుడు బుధుడు చంద్రుడు.
గంటకొకడి ఏలుబడి.
పొద్దు పొడిచే గంట ఎవడిదైతే
రోజంతా వాడి పేరు.
ఏడు మూళ్లు ఇరవై ఒకటి, ఇరవై నాలుగులో పోగా మూడు మిగులు,
ఆ మూడూ దాటి నాలుగోవాడు మర్నాటి ఆసామి.
అందుకే రవి పక్కన కూర్చోవాల్సిన శుక్రుణ్ణి దాటుకుని
చంద్రుడొచ్చి సోమవారమయ్యాడు.

"వారమంటేనే వంతు" అన్నారు మేష్టారు.
"ఈ లెక్క బాబిలోను దాకా పోతుందంటారు.
అక్కడా రెండు నదులు, మధ్యన కాలవలు."
అయితే అక్కడా తోక ఊళ్లుండే ఉంటాయి, అనుకున్నాను.

ఏసుపాదం గారు సుద్దగీతల్నే చూస్తున్నారు.
"శని అందరికంటే దూరమా అండీ?"
"దూరం. నెమ్మది కూడాను."
"మొదట రాశారు, వారంలో చివరికొచ్చాడు."
"ఆయ్, లెక్క అలా వచ్చిందండి."
ఆయన ఇంకేం అనలేదు. బీడీ ముట్టించారు.

లెక్కయితే తేలింది, తగువు తేలలేదు.
పన్నెండింటికి టార్చిలైటు పట్టుకుని నేనూ మా అత్తా వెళ్లేసరికి
మా తూముకి తాళం.
పైవాళ్ల తూముకీ తాళమే.
కాలవలో నీళ్లు మాత్రం ఎక్కడికో పోతున్నాయి,
గట్టు కింద గొట్టంలోంచి,
చప్పుడు చెయ్యకుండా.

మరియమ్మ అరెకరం ఆయకట్టులో లేదు.
పుస్తకంలో పేరు లేదు, శిస్తు రసీదు లేదు.
ఉప్పు పేరిన ఆ చెక్క
పుస్తకంలో లేని గంటల్ని తాగుతోంది.

మా అత్త కాసేపు నిలబడింది.
పార దించి, మళ్లీ భుజానేసుకుని
"పదవే, మంచు పడతంది" అంది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ
మరియమ్మ ఎదురుపడింది.
ఏ వారం తడిపావే చేను, అనడిగాను.

కొంగుతో చెయ్యి తుడుచుకుని
"మొన్న" అంది.