ఎడమచేతి వాటం

గొర్రె బొచ్చు నేను ఎడంచేత్తో కత్తిరిస్తాను.
పుట్టుకతో వచ్చిన వాటం కాదిది,
సినిమా చూసి నేర్చుకున్నది.

మంచు కరిగిన నెలలో
మా ఎత్తు మేతబీళ్లకి ఒక ట్రక్కు వచ్చేది,
నారిన్ నది దాటి, దగ్గుకుంటూ.
అందులో సబీర్‌కుల్, ఒక జనరేటరు,
ఆరు రేకు డబ్బాలు, అతుకుల దుప్పటి.
గుర్రాల్ని కట్టే గుంజల మధ్య దుప్పటి బిగిస్తే
అదే తెర.
ముందువైపు తివాచీల మీద పెద్దలు,
సమష్టి క్షేత్రం అధ్యక్షుడు, ఆయన బావమరుదులు.
వెనకవైపు గడ్డిలో, కుక్కల పక్కన,
కాపరుల పిల్లలం మేము.

వెనక నుంచి చూస్తే లోకమంతా ఎడమచేతిదే.
సైనికులు ఎడంచేత్తో వందనం చేసేవారు.
డాక్టరు గుండెని కుడివైపు వెతికేవాడు.
అక్షరాలు వీపు తిప్పుకుని నడిచేవి.
బడిలో నా పేరు అలాగే రాశాను, కలిమాన్ అని.
పంతులమ్మ చెంప ఛెళ్లుమనిపించింది,
తర్వాత ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి
రెండోవైపు నుంచి చదివింది.
ఏమీ అనలేదు. తన పుస్తకంలో దాచుకుంది.

బొచ్చు కోత సినిమాలో ఒక ముసలాయన
గొర్రెని మోకాళ్ల మధ్య కూచోబెట్టుకుని అంటాడు:
"దాని భయం తగ్గేదాకా కత్తెర తెరవకు."
కథ మర్చిపోయాను. ఆ ముక్క మాత్రం
మూడుసార్లు అక్కరకొచ్చింది:
ఒకసారి గొర్రెతో, ఒకసారి మొగుడితో,
ఒకసారి ఆస్పత్రి మంచం మీద
నాతో నేనే.

ఇంకో సినిమాకి ఆరో డబ్బా లేదు.
ఏటి దాటులో జారిపోయిందట.
యుద్ధం నుంచి ఒక కుర్రాడు ఇంటికి నడిచొస్తుంటాడు,
ఐదు డబ్బాల నిండా నడుస్తూనే ఉంటాడు,
కొండ మలుపు దగ్గర రీలు అయిపోతుంది.
అప్పుడు సబీర్‌కుల్ ఖాళీ వెలుగులోకి వచ్చి నిలబడి
మిగతాది నోటితో చెప్పేవాడు.
పక్క మేతబీట్లో వాడు మంచులో చచ్చిపోయాడట.
దాని అవతల నర్సుని పెళ్లాడాడట.
ఏది నిజమని మేం జుట్లు పట్టుకున్నాం.

ఆ ఏడు మా అన్న తుర్దుమమత్
ఆఫ్ఘన్ కొండల నుంచి జింకు పెట్టెలో వచ్చాడు.
పెట్టె తెరవద్దన్నారు. తెరవలేదు.
మా అమ్మ నలభై రోజులు
ఎవరితోనూ మాట్లాడలేదు, సినిమాకి మాత్రం వచ్చింది,
తివాచీ అంచున, చెప్పులు విప్పకుండా.

సబీర్‌కుల్ వెలుగులోకి వచ్చాడు.
చాలాసేపు నిలబడ్డాడు.
"కుర్రాడు మలుపు తిరిగాడు," అన్నాడు.
"గుడారం తలుపు తెర ఎత్తాడు.
దాహంగా ఉందమ్మా, అన్నాడు."

అమ్మ లేచింది.
లోపలికెళ్లి గిన్నె నిండా టీ పోసుకొచ్చి
రెండు చేతులా చాచింది.
ముందున్నవాళ్లు ఏం చూశారో నాకు తెలీదు.
వెనక నుంచి మాకు కనిపించింది
కొండంత నీడ ఒకటి
ఎడంచేత్తో గిన్నె ఎత్తి
చివరి చుక్క దాకా తాగడం.

పాతికేళ్లకి బిష్కెక్‌లో, మెత్తటి కుర్చీలో,
మొదటిసారి ముందు నుంచి, ఆరు డబ్బాలూ చూశాను.
అందరిదీ కుడిచెయ్యే.
వాడు మలుపు తిరగడు.
దీపాలు వెలిగాయి, జనం వెళ్లిపోయారు,
తుడిచే ఆమె నా కాళ్ల చుట్టూ చీపురు తిప్పింది.
నాకు కోపం రాలేదు.
ఆ హాల్లో టీ తెచ్చేవాళ్లెవరూ లేరు మరి.

ఈ వేసవిలో చెల్లెలి మనవడు కోత నేర్చుకుంటున్నాడు.
నాకెదురుగా కూచుని, నన్నే చూస్తూ,
నేను ఎడమ ఎత్తితే వాడు కుడి ఎత్తుతాడు.
కత్తెర తెరవబోయి ఆగాడు.
గొర్రె చెవిలో ఏదో అడుగుతున్నాడు.