ఈగలకు వండేదాన్ని

పొద్దుగాల ఏడున్నరకు తార్నాక మెట్రో దిగి
హబ్సిగూడ దిక్కు నడుస్త.
ఏం పని జేస్తవని అడిగితె, వంట అంట.
ఎవరికని అడిగితె సగం మందికి చెప్ప.
ఈగలకు.

ఎనిమిది లీటర్ల గిన్నెల మక్కపిండి, చక్కెర, ఈస్టు,
గడ్డకట్టెతందుకు అగరు.
అడుగంటకుంట కలుపుతనే ఉండాలె.
పలుచగైతె ఈగలు అండ్ల మునిగి సస్తయి,
గట్టిగైతె పిల్లపురుగులు తవ్వలేవు.
ఇరవై ఏండ్లల ఒక్కసారే మాడింది,
తమ్ముడు పోయిన వారం.

నౌషీన్ మేడం మైక్రోస్కోపుల చూపెట్టింది ఒకనాడు:
ఎర్ర కండ్లది మామూలు ఈగ,
మన మామిడి టెంకల మీద వాలేదే.
తెల్ల కండ్లదాంట్ల ఒక జీను చెడింది.
ఆ జీను పేరు తెలుపు.
"దాని పని ఎరుపు తెచ్చుడు గద మేడం,
తెలుపని ఎందుకు పెట్టిన్రు?"
"పనిచేసినన్ని దినాలు అది ఉన్నదని ఎవరికి ఎరుక?
చెడినంకనే కనవడ్డది. అట్లనే పిలిచిన్రు."
నేను కాసేపు ఊకున్న.
మెట్టుగూడ బస్తీల గూడ అట్లనే పిలిచేది
మా ప్రభుదాసును, కుంటోడని.

ఏడేండ్లప్పుడు, కింద కూసున్నోడు
తన తొడల మీద చేతులు ఊని
మెల్లగ మీదికి ఎక్కి లేస్తుండె,
తన ఒళ్ళే తనకు నిచ్చెన అయినట్టు.
పిక్కలు మాత్రం పహిల్వాన్ పిక్కలు.
అమ్మ వాటికి దిష్టి తీసేది.
పెద్ద దవాఖానల డాక్టరు కాయితం మీద గీసి చెప్పిండు:
శాన పొడుగు వాక్యంల ఒక్క అక్షరం పడిపోయింది,
ఆన్నుంచి ఒళ్ళు అంత తప్పు చదువుతది.
ఇంటికొచ్చినంక వాడు పలక తీసిండు.
'కాలు' అని రాసిండు.
దీర్ఘం తుడిచి, ఒక ఒత్తు పెట్టిండు.
'కల్లు'.
"అందుకేనక్కా, తాగినోని లెక్క నడుస్తున్న!"
ఒకటే నవ్వు.
అమ్మ లేచి వంటింట్లకు పోయింది.

మొన్న కొత్త ఈగలను పెంచిన్రు.
అదే జీను. కావాలని చెడగొట్టినయి.
గొట్టాన్ని బల్ల మీద కొడితె అన్ని కింద వడ్డయి,
మళ్ల మీదికి పాకాలె.
పది సెకండ్లల గీత దాటినయెన్నో లెక్క.
పడుచు దినాలల్ల బాగనే ఎక్కినయి,
నాలుగో వారానికి సగంల ఆగవట్టినయి.
ఒకటి గాజుకు ముంగటి కాళ్ళు ఆనిచ్చి
బలం కూడదీసుకుంటున్నది.
ఆ ఆగుడు నాకు ఎరుకే.
ఇంకోసారి కొట్టకుండ్రి మేడం, అనబోయిన.
కొట్టకుంటె ఎట్ల తెలుస్తది?

పని అయినంక వాటిని శవాల సీసల పోస్తరు.
గసాల లెక్క తేలుతయి.
ఆ సీస కడిగేది నేనే.
మొక్క, ఏడ్వ.
నల్ల జర సన్నగ తిప్పుత, గంతే.

"ఒకటి ఏం పని జేస్తదో తెల్వాలంటె
అది లేకుంట జేసి చూడాలె సుగుణమ్మా" అన్నది మేడం.

జ్ఞాపకార్థ కూడిక నాడు చిన్నాయన అడిగిండు,
పద్నాలుగేండ్లు కుర్చీల కూసున్నోడు
ఇంటికి ఏం పని జేసిండని.
గప్పుడు జవాబు రాలే.
తర్వాత తెల్సుకుంట వస్తున్న:
కరెంటోళ్ళు రెండుసార్లు లైను కోసిపోయిన్రు,
బిల్లు తారీఖు యాది జేసేటోడు లేక.
పక్కింటి పోరడు లెక్కలల్ల తప్పిండు.
అమ్మ రాత్రి గోలి పొద్దుగాల మింగి
దినమంత నిద్రవోయింది.
పండుగకు నేను కొత్త చీర కట్టుకుంటె
"జోకర్ లెక్క ఉన్నవ్" అని ఎవ్వలు అనలే.
ఇంకెన్ని ఉన్నయో.

నిన్న ఆ ఎక్కలేని వాటి గొట్టాలల్ల
పిండి జర మెత్తగ పోద్దామనుకున్న.
మేడం ఒప్పదు.
అందరికి ఒకటే తిండి ఉండాలె, లేకుంటె లెక్క తప్పుతది.
నిజమే.

అందరికీ మెత్తగనే పోసిన.